మూడో పిన్ను ఎందుకు పెద్దగా ఉంటుంది?

పోయినసారి ఈ గోడపత్రికలో నేను పొడుపుకథలు రాశాను. ఈసారి కరెంటు గురించి రాస్తున్నాను. ఎందుకనగా పోయిన ఆదివారం మా అన్న నన్ను చూడటానికి శామీర్‌పేట మీదుగా బస్సులో వచ్చాడు. అతని కుడి అరచేతిలో పెద్ద బొబ్బ ఉంది.

అన్న మేడ్చల్ దగ్గర కొత్త అపార్టుమెంట్లలో మార్బుల్, గ్రానైటు బండలు కోస్తాడు. ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా ఇదే పని. మనలో చాలామంది అన్నలు, నాయనలు కూడా ఇట్లాంటి పనులకే పోతారు. బండ కోసేటప్పుడు దుమ్ము లేవకుండా, బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పోస్తూ ఉంటారు. అంటే చేతిలో కరెంటు మిషను, కాళ్ల కింద నీళ్లు. ఆ రోజు ఎక్స్‌టెన్షన్ వైరుకు టేపు చుట్టిన అతుకు నీళ్లలో పడింది. పక్కకు జరుపుదామని అన్న పట్టుకున్నాడు. "ఇడిచిపెడదామంటే చెయ్యి రాలేదు చెల్లే" అన్నాడు. మేస్త్రీ ఉరికొచ్చి స్విచ్చి ఆపాడు కాబట్టి బతికాడు.

చెయ్యి ఎందుకు రాలేదని ఫిజిక్స్ మేడంను అడిగాను. మన ఒంట్లో నుంచి సుమారు 10 మిల్లీ ఆంపియర్లకు మించి పోతే కండరాలు బిగుసుకుంటాయి. వదలాలన్నా వదలలేము. ఇంకా పెరిగితే ఊపిరి, గుండె ఆగిపోవచ్చు. మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? అది 16 ఆంపియర్లది అనుకుందాం, అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. అది వైరు కాలకుండా కాపాడేది, మనిషిని కాదు. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు అంతా తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద 'టీ' అని చిన్న బటను ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. పడకపోతే పాడైనట్టే.

అన్న వాళ్ల సైటులో వైరుకు ప్లగ్గు కూడా లేదట. రెండు కొనలు చెక్కి సాకెట్టులో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చుతారు. మా ఊర్లో పండగకు మైకుసెట్టు పెట్టినా ఇట్లనే చేస్తారు. మీ ఊర్లో చేయరా? అట్లా చేస్తే మూడో రంధ్రం ఖాళీగా ఉంటుంది. అది ఎర్త్‌ది. ఆ పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది. లావు ఎందుకంటే వేరే రంధ్రంలో దూరకూడదు. పొడుగు ఎందుకంటే అందరికంటే ముందు లోపలికి పోయి అందరికంటే చివర బయటికి రావాలి. ఇనుప బాడీ ఉన్న మిషనులో ఫేజు వైరు తగిలితే కరెంటు మన ఒంట్లో నుంచి కాకుండా ఎర్త్ వైరులో నుంచి పోతుంది.

అయితే అన్న సెల్లులో మిషను ఫోటో చూపించాడు. రెండే పిన్నులు! దాని రేకు మీద అంతా ఇంగ్లీషు. అన్న ఆరు వరకే చదివాడు, నేనే చదివి చెప్పాను. 230 వోల్టులు, 1300 వాట్లు, చతురస్రంలో ఇంకో చతురస్రం బొమ్మ. ఆ బొమ్మ ఉంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ అక్కరలేదని అర్థం. కానీ బాడీ పగిలి నీళ్లు లోపలికి పోయాయంటే ఆ బొమ్మ మనల్ని కాపాడలేదు. వైరు అతుకుకైతే ఆ బొమ్మకు సంబంధమే లేదు. ప్లగ్గు కలిపిన చోటు ఇటుక మీద పెట్టాలి, నీళ్లలో కాదు. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. వైరు పట్టి గుంజకూడదు.

ఇప్పుడు మన హాస్టలు సంగతి. గ్రిల్లు పని చేసినవాళ్లు వదిలిపోయిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మనం పొద్దున నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె రెండూ పెడుతున్నాము. నేను కూడా పెట్టాను. రాడ్డు 1500 వాట్లు. 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. ఆ బాక్సు మీద రాసినది 6 ఆంపియర్లు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లది, దానితో కలిపి దాదాపు 11. పైగా వైరు పొడుగైందని చుట్టలాగే ఉంచుతాము. చుట్టలో వేడి బయటికి పోదు. నిన్న ముట్టుకుంటే వైరు మెత్తగా, వెచ్చగా ఉంది. వార్డెన్ మేడం, దయచేసి ఆ బాక్సు తీయించగలరు.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకండి. ముందు స్విచ్చి, లేదా మెయిన్ ఆపండి. ఆపటానికి వీలు లేకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో వైరు తప్పించండి. 108కి ఫోన్ చేయించండి.

వచ్చే ఆదివారం అన్న ఆ ఎక్స్‌టెన్షన్ వైరు సంచిలో తెస్తానన్నాడు. అతుకు కోసేసి ప్లగ్గు ఎట్లా బిగించాలో మేడం చూపిస్తామన్నారు. ఆర్‌సీసీబీ మాత్రం కాంట్రాక్టరే పెట్టించాలి. అన్న ఇంకా అడగలేదు. అడిగితే రేపటి నుంచి పనికి రావద్దంటాడేమోనని భయపడుతున్నాడు.