చెక్ చేశారా, చేయించారా? ఆటోనగర్ రిజిస్టర్లకు కొన్ని జాగ్రత్తలు

గాజువాక ఆటోనగర్ షెడ్లలో మాటలు తెలుగులో నడిచినా జాబ్ కార్డు, వర్క్ పర్మిట్, ప్రమాద నివేదిక ఇంగ్లీషులో రాయాల్సి వస్తుంటుంది. "బ్రేకులు చెక్ చేయించాను" అని చెప్పిన సూపర్‌వైజరే కాగితం మీద "ఐ చెక్డ్ ద బ్రేక్స్" అని పెట్టేస్తాడు. తెలుగులో క్రియకు 'ఇంచు' చేరితే చాలు, పని మరొకరి చేతికి వెళ్తుంది. ఇంగ్లీషులో హ్యావ్, గెట్, మేక్, లెట్ అని విడి క్రియలు తెచ్చుకోవాలి. అవి లేకపోతే, రేపు లారీకి బ్రేకు పడనప్పుడు చక్రం విప్పి చూసినవాడెవడో రిజిస్టరులో దొరకడు.

చేయవలసినవి

వేరొకరిచేత చేయిస్తే వస్తువును మధ్యలో పెట్టండి: "ఐ హ్యాడ్ ద బ్రేక్స్ చెక్డ్." చివరి రెండూ తారుమారై "ఐ హ్యాడ్ చెక్డ్ ద బ్రేక్స్" అయిందంటే, అంతకుముందే మీరే స్వయంగా చూశారని అర్థం. మాటలన్నీ అవే, సంతకం బరువు మాత్రం వేరు.

చేసినవాడి పేరు రాయండి. హ్యావ్ తర్వాత మనిషి వస్తే క్రియ అలాగే ఉంటుంది: "ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్." గెట్ అయితే 'టు' కావాలి: "ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్." 'మెకానిక్' అన్నచోట అసలు పేరుంటే ఇంకా మంచిది. షెడ్డులో మెకానిక్ ఒక్కడే ఉండడు కదా.

ట్యాంకులోకి మనిషిని దింపేముందు సర్టిఫికెట్ జాగ్రత్తగా చదవండి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, లోపల ప్రమాదకరమైన గ్యాస్ లేదని రాసిచ్చే అర్హత ఉన్న వ్యక్తి ఆ పరీక్ష తానే చేసి ఉండాల్సి వచ్చేది; ఆ జాగ్రత్త ఇప్పుడూ వదలకండి. "ఐ హ్యాడ్ ద ట్యాంక్ టెస్టెడ్" అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేకపోయినా ఆ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ చెల్లేది కాదు. అక్కడ "ఐ టెస్టెడ్" అనే ఉండాలి, అది నిజమూ అయి ఉండాలి. అలాంటి సర్టిఫికెట్ లేకపోతే, దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు, బయట ఒకరు పట్టుకున్న తాడు ఉండి తీరాలి.

చేయకూడనివి

"ఐ మేడ్ ద హెల్పర్ టు గో ఇన్‌సైడ్" అని రాయకండి. మేడ్ తర్వాత 'టు' రాదు. అంతకంటే ముఖ్యం, మేడ్ అంటే వాడు వద్దన్నా దింపారని విచారణలో అర్థం చేసుకుంటారు. నిజంగా బలవంతమే జరిగితే దాన్ని దాచకండి: "హీ వజ్ మేడ్ టు గో ఇన్‌సైడ్." ఇక్కడ మాత్రం 'టు' ఉండాల్సిందే.

పురమాయించిన పనికి లెట్ వాడకండి. "ఐ లెట్ హిమ్ వెల్డ్" అంటే వాడు అడిగితే ఒప్పుకున్నారని, లేదా చూసీ ఆపలేదని. ఆర్డరు మీదైతే హ్యాడ్ అనే రాయండి.

వేలు నలిగినవాడి నివేదికలో "హీ గాట్ హిజ్ ఫింగర్ క్రష్డ్" అని చూసి, వాడే నలిపించుకున్నాడనుకోకండి. అనుకోకుండా జరిగిన నష్టానికీ హ్యావ్, గెట్ ఇలాగే వస్తాయి.

రిఫైనరీ ఉన్న ఊరు, ట్యాంకర్ల వెల్డింగ్ ఇక్కడ కొత్త కాదు. మండే సరుకున్న ట్యాంకులోంచి ఆ సరుకును, దాని ఆవిరిని తీసేయకుండా, లేదా అవి మండకుండా చేయకుండా, దానికి మంట తగిలించకూడదని అదే 1948 చట్టం 37వ సెక్షన్ చెప్పేది. ఒకప్పుడు ఆ సరుకు నింపి ఉన్నా ఇదే నియమం వర్తించేది. "గెట్ ద ట్యాంక్ క్లీన్డ్" అంటే కడిగించమని ఆర్డరు మాత్రమే. దాన్ని చూసి టార్చి వెలిగించకండి. ఎవరు కడిగారో, ఎప్పుడు కడిగారో, తర్వాత గ్యాస్ ఎవరు పరీక్షించారో రాసేదాకా ఆగండి.