బ్యాకప్ తిరిగి ఎక్కించి చూశాకే

అమ్మలూ,

మీ ఆడిటర్ గారి ఆఫీసులో పనులను ఆటోమేట్ చేసే ఎన్‌ఎయిట్‌ఎన్ పెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. క్లయింట్ల బిల్లులు, పాన్ నంబర్లు బయటి సర్వర్లకు పోకుండా అన్నీ ఆఫీసు మెషీన్‌లోనే నడపాలనుకోవడం మంచి పని. ఎన్‌ఎయిట్‌ఎన్ వాళ్లిచ్చే ఏఐ స్టార్టర్ కిట్‌తో మొదలుపెట్టు. ఒకే కంపోజ్ ఫైలుతో ఎన్‌ఎయిట్‌ఎన్, ఏఐ మోడల్‌ను నడిపే ఒల్లామా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, క్వాడ్రంట్ నాలుగూ లేస్తాయి. అదంతా నీకు ఒక పూట పని. నా బెంగంతా ఆ తర్వాతి సంగతి గురించే.

నువ్వు ఎక్కించే మెయిల్ పాస్‌వర్డులు, ఏపీఐ కీలు డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. వాటిని విప్పే ఎన్‌క్రిప్షన్ కీ మాత్రం డేటాబేస్‌లో ఉండదు. కిట్‌లో అది ఎన్వ్ ఫైలులో ఉంటుంది. రోజూ పోస్ట్‌గ్రెస్ డంప్ తీస్తూ ఆ కీని దాచకపోతే, డిస్క్ పోయిన రోజున వర్క్‌ఫ్లోలు తిరిగొస్తాయి గానీ క్రెడెన్షియల్ ఒక్కటీ తెరుచుకోదు. పైగా నమూనా ఫైలులో ఉన్న కీ, పాస్‌వర్డు ఊరందరికీ తెలిసినవే. మొదటిసారి లేపకముందే రెండూ మార్చెయ్. తర్వాత కీ మారిస్తే పాత క్రెడెన్షియల్స్ పనిచేయవు. కీని కాపీ చేసి సర్వర్‌కు దూరంగా, పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టు.

కంటైనర్ పోతే భయం లేదు, మళ్లీ లేస్తుంది. డేటా అంతా వాల్యూమ్‌లలో ఉంటుంది. కంపోజ్ డౌన్ కొట్టేటప్పుడు చివర మైనస్ వీ తగిలించావంటే అవీ పోతాయి.

ఒల్లామా దొరకడం లేదని ఎర్రర్ వస్తే అడ్రస్ చూడు. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. అక్కడ సర్వీసు పేరు ఒల్లామా, పోర్టు 11434 ఇవ్వాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూతో పోర్టులు మూశానని ధీమాగా ఉండకు. డాకర్ బయటికి తెరిచిన పోర్టు దాన్ని దాటుకుని పోతుంది. ఒల్లామాకు తనంతట తానుగా లాగిన్ అడిగే ఏర్పాటు లేదు. కాబట్టి పోర్టులను 127.0.0.1కే కట్టేసి, ఆఫీసు వాళ్లకు హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ ద్వారానే దారి ఇవ్వు. టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా అని రాయడం మరవకు. రాయకపోతే ఎన్‌ఎయిట్‌ఎన్ న్యూయార్క్ టైము పట్టుకుంటుంది, పొద్దున తొమ్మిదింటి పని మనకు సాయంత్రం జరుగుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మోడల్ చదివిన బిల్లు మొత్తాన్ని నేరుగా టాలీలోకి పంపకు. చిన్న మోడల్ జీఎస్టీ నంబర్లో ఒక అంకె తప్పు చదివినా తడుముకోకుండా ఇచ్చేస్తుంది. కాంటెక్స్ట్ చాలకపోతే పొడుగాటి బిల్లులో కొంత భాగాన్ని చెప్పకుండానే వదిలేస్తుంది. మధ్యలో ఒక మనిషి చూసి ఓకే కొట్టే మెట్టు పెట్టు. ఆడిటర్ గారి సంతకం కింద పోయే లెక్క అది.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆ డంపును, కీని తిరిగి ఎక్కించు. ఒక వర్క్‌ఫ్లో నడిచి మెయిల్ తెరుచుకుందంటే నాకు ఫోన్ చెయ్. మిగతావాళ్లకు లాగిన్లు ఆ తర్వాతే ఇద్దువు గాని.

పెదనాన్న