అద్దం మీద ఆవిరి



సంక్రాంతి సెలవులయ్యాక అరకు నుంచి విశాఖపట్నం జీపులో వచ్చాము. తెల్లవారుజాము, అనంతగిరి ఘాట్ రోడ్డు. చలికి కిటికీలన్నీ మూసేశాము. లోపల 12 మందిమి. కాసేపటికి ముందు అద్దం తెల్లగా అయిపోయింది. మలుపులో డ్రైవరు మామ ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, ఇంకో చేత్తో అద్దం తుడుస్తున్నాడు. పక్కనే లోయ! నాకు ఒకటే భయం. తర్వాత జీపు ఆపి కిటికీలు తీయించాడు. రోడ్డు మళ్ళీ కనిపించింది.

నేను పొగమంచు అనుకున్నాను. కాదు, అది మా ఊపిరే! ఊపిరిలోని నీటి ఆవిరి చల్లటి అద్దానికి తగిలి సన్నని బొట్లు అవుతుంది. దీనినే సాంద్రీకరణం అంటారు. ఐసు నీళ్ళ స్టీలు గ్లాసు బయట తడి పట్టేది కూడా ఇందుకే.

ఏం చేయాలి?

1. బండి ఆపి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడవాలి. అరచేతి జిడ్డు అంటితే ఎదురు బండి లైటుకు ఇంకా మసకగా కనిపిస్తుంది.
2. కిటికీలు కొంచెం తీయాలి. తడిగాలి బయటికి పోతుంది.
3. హీటరు ఉంటే వేడిగాలిని అద్దం మీదికి తిప్పాలి.

విశాఖలో ఇదే తిరగబడుతుంది. సముద్రపు గాలిలో తడి ఎక్కువ కాబట్టి ఏసీ కారు అద్దానికి బయట ఆవిరి పడుతుంది. అప్పుడు వైపరు వేసి, ఏసీ తగ్గించాలి.

ఈసారి ఊరెళ్ళేటప్పుడు దుప్పటి కప్పుకుందాం, కిటికీ మాత్రం కొంచెం తీసి ఉంచుదాం.

— 9వ తరగతి విద్యార్థిని