టీబీ మందులతో నేల ఉసిరి రసం తాగొచ్చా?

ప్రశ్న: మావారికి టీబీ మందులు మొదలై నెలైంది. కాలేయం చెడకుండా రోజూ నేల ఉసిరి రసం పట్టమంటున్నారు మా అత్తగారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. నేల ఉసిరి, నేలవేము ఎలుకల్లో పారాసిటమాల్ విషం నుంచి కాలేయాన్ని కొంత కాపాడిన మాట నిజమే. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. పైగా కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయమే దెబ్బతింది. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి భారమే. వాటికి పసరు కూడా తోడైతే, రేపు కాలేయ పరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగినప్పుడు తప్పు దేనిదో తేల్చలేం. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది. దానికి కంగారు పడకండి. వాంతులు, అన్నం సయించకపోవడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించండి. తాగుడు అలవాటుంటే, ముందు దాన్ని మాన్పించండి.