సెప్టెంబర్ 28 చెడ్డ రోజా?

మన వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ నది 1908 సెప్టెంబర్ 28న పొంగింది. హైదరాబాదులో సుమారు 15,000 మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కినోళ్లు 150 మంది బతికిండ్రు.

అదే తారీఖున 1994లో బాల్టిక్ సముద్రంలో ఎస్తోనియా ఓడ మునిగి 852 మంది చనిపోయారు. 2018లో ఇండోనేషియాలోని పాలూలో భూకంపం, సునామీ వచ్చి 4,000 మందికి పైగా పోయిండ్రు.

మా తండా ముసలోళ్లు వింటే ఆ దినమే మంచిది కాదంటారు. కానీ మూసీకి కారణం కుండపోత వాన. ఓడకు అలల దెబ్బకు ముందు తలుపు ఊడింది. పాలూలో భూమి కదిలింది. తారీఖు ఏం చేసింది?

మూసీ వరద ఆపడానికి విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మనం కూడా దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు వాగు పొంగితే, ఏ తారీఖైనా సరే దాటొద్దు.