ఎర్రచందనం
హిందీలో రక్తచందన్, తెలుగులో ఎర్రచందనం. పేరులో చందనం ఉన్నా గంధపుచెట్టుతో దీనికి బంధుత్వం లేదు; ఆ పరిమళమూ లేదు. కంది, చిక్కుడు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. కాయ చుట్టూ ఉన్న పలుచని రెక్క విత్తనాన్ని గాలిలో మోసుకుపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని శేషాచలం, పాలకొండ, వెలికొండ శ్రేణుల రాతినేలలు దీని ప్రధాన నివాసం. ఎర్రని చేవ నీట మునిగేటంత బరువైనది. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యపు దండికి ఇది శ్రేష్ఠమైన కలప.

ఈ ఖ్యాతియే చెట్టుకు ముప్పయింది. 1995 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది. అయినా దొంగనరుకుడు ఆగలేదు. నరికిన మోడు మరల చిగురిస్తుంది, అడవి పచ్చగానే కనిపిస్తుంది. కాని ఆ చిగురు చేవదేరడానికి దశాబ్దాలు కావాలి. ఈ అడవి సంపదను పచ్చదనంతో గాక, చేవదేరిన చెట్లతో లెక్కించాలి.