చైనా బండి అంటే నాసి బండేనా?



ఈసారి మన గోడపత్రికలో ఒక పాఠం రాస్తున్నాను. ఇది ఏ క్లాసు పుస్తకంలోనూ లేదు. మా ఇంట్లో జరిగిన నష్టం నుంచి మొదలైంది. మీ ఇంట్లో అట్లాంటిది జరగకూడదని రాస్తున్నాను. అందరూ చివరిదాకా చదవగలరు.

మా అన్న బండి

మా అన్న మిర్యాలగూడలో రైసుమిల్లుకు పనికి పోతాడు. తండా నుంచి మిల్లు పదకొండు కిలోమీటర్లు. నైట్ డ్యూటీ అయితే ఆటోలు ఉండవు. అందుకని సూర్యాపేటలో ఒక దుకాణంలో బ్యాటరీ స్కూటర్ కొన్నాడు. నలభై ఐదు వేలు. దాని కోసం మా యాడి రెండు మేకలు అమ్మింది, మిగతాది మిల్లులో అడ్వాన్సు తీసుకున్నాడు. "రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు" అని దుకాణం ఆయన చెప్పాడు. పక్కా బిల్లు ఇవ్వలేదు, ఒక చీటీ మీద రాసిచ్చాడు.

ఏడు నెలలు బాగానే నడిచింది. తర్వాత చార్జింగు సగానికి తగ్గింది. ఒక రోజు వానలో నడిరోడ్డు మీద ఆగిపోయింది, మళ్లీ కదలలేదు. సూర్యాపేట పోయి చూస్తే ఆ దుకాణమే లేదు, అక్కడ చెప్పుల షాపు ఉంది. తండాలో అందరూ ఒకటే మాట: "చైనా మాల్ గదా, గంతే ఉంటది."

మా మేనమామ కోదాడలో ఉంటాడు. బ్యాటరీ బండ్లు బాగుచేసే మెకానిక్ అక్కడ ఉన్నాడని చెబితే, ట్రాలీ ఆటోలో వేసుకొని పోయాము. సెలవుల్లో ఉన్నాను కాబట్టి నేను కూడా పోయాను. మెకానిక్ అన్న సీటు కింది కంట్రోలర్ విప్పి చూపించాడు. బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసుకునే పెట్టెను కంట్రోలర్ అంటారు. దాని మీద కంపెనీ పేరు లేదు, నంబరు లేదు, తేదీ లేదు. నీళ్లు లోపలికి పోయి నల్లగా అయిపోయింది.

"చైనాది కాబట్టే పోయిందా అన్నా?" అని అడిగాను.

ఆయన నవ్వి, పక్కన ఉన్న ఇంకో బండి మోటారు చూపించాడు. దాని మీద కంపెనీ పేరు, నంబరు, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి. "ఇది గూడ చైనాదే తమ్మీ. నాలుగేండ్ల సంది నడుస్తుంది. మీదాంతోని కష్టమేందంటే, అది చైనాదని కాదు, ఎవరిదో తెల్వదు" అన్నాడు.

ఈ మాట నా మనసులో ఉండిపోయింది. హాస్టల్‌కు వచ్చాక సాంఘిక శాస్త్రం సారును అడిగి, కంప్యూటర్ గదిలో వెతికి, కొన్ని సంగతులు తెలుసుకున్నాను. అవే ఈ పాఠం.

ఒకప్పుడు జపాన్‌కూ ఇదే పేరు

ఈరోజు "జపాన్ ఇంజన్" అంటే మా బాపు కూడా మర్యాదగా మాట్లాడతాడు. కాని రెండవ ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో జపాన్ సరుకు అంటే లోకమంతా చవక సరుకు, నాసి సరుకు అనేవారు. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త జపాన్‌లో ఇంజనీర్లకు పాఠాలు చెప్పాడు. వస్తువు తయారైనాక చెడ్డవాటిని ఏరివేయడం కాదు, తయారయ్యేటప్పుడే ప్రతి మెట్టులో కొలిచి చూసుకోవాలి అనేది ఆయన బోధన సారాంశం. జపాన్ వారు ఆయన పేరు మీద 1951 నుంచి బహుమతి కూడా ఇస్తున్నారు.

హోండా కంపెనీ 1948లో పుట్టింది. 1959లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే మోటారు సైకిళ్ల రేసుకు మొదటిసారి పోయింది. 1961లో అక్కడే 125 సీసీ, 250 సీసీ రెండు తరగతుల్లోనూ గెలిచింది. మన దేశంలో 1984లో హీరో హోండా కంపెనీ ఏర్పడి, 1985లో సీడీ 100 బండి విడుదల చేసింది. నాసి అన్న పేరు పోయి నమ్మకం అన్న పేరు రావడానికి కొన్నేళ్లు పట్టింది. మారింది దేశం కాదు, పని చేసే పద్ధతి.

వియత్నాంలో ఏం జరిగింది?

చైనా బండ్లకు చెడ్డపేరు ఊరికే రాలేదు. దానికీ కారణం ఉంది. చైనాలో చోంగ్‌చింగ్ నగరం మోటారు సైకిళ్ల తయారీకి పేరు పొందినది. అక్కడ, ఇంకా ఇతర చోట్ల చాలా కంపెనీలు జపాన్ బండ్ల నమూనాలను చూసి అట్లాంటివే తయారు చేశాయి. అందరి బండీ ఒకటే రకం అయినప్పుడు పోటీ దేని మీద ఉంటుంది? ధర మీదనే. ధర తగ్గించాలంటే ప్రతి పార్టులోనూ ఎంతో కొంత కోయాలి. ఇనుము పలచన, రబ్బరు మెత్తన, పరీక్ష తక్కువ.

2000 సంవత్సరం ప్రాంతంలో ఇట్లాంటి బండ్లు వియత్నాం దేశంలోకి వరదలాగా వచ్చాయి. హోండా బండి ధరలో సగానికి, ఇంకా తక్కువకు కూడా దొరికాయి. కొన్నింటి మీద "హోంగ్‌డా" అని పేరు కూడా ఉండేది! పేదవారు సంతోషంగా కొన్నారు. కొన్నాళ్లకు రిపేర్లు మొదలయ్యాయి, పేరు చెడిపోయింది. 2002లో హోండా అక్కడ వేవ్ ఆల్ఫా అనే చవక బండిని తెచ్చింది. జనం మళ్లీ అటు తిరిగారు. దిగుమతుల మీద ఆ ప్రభుత్వం పెట్టిన పరిమితులు కూడా ఒక కారణం.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. ఆ చవక హోండాలో వాడిన పార్టులు కొన్ని చైనాలో తయారైనవే. హోండా తన కొలతలు ఇచ్చి, పరీక్ష చేసి తీసుకుంది. అంటే చైనా చేతికి పని రాక కాదు. అడిగేవాడు ఏమి అడిగాడు, ఎంత డబ్బు ఇచ్చాడు, ఎట్ల పరీక్షించాడు అన్నదాన్ని బట్టి సరుకు వచ్చింది.

మన దగ్గర

బెనెల్లీ అని పెద్ద బైకులు ఉన్నాయి. హైవే మీద ఒకటి పోతే మన పిల్లలు తిరిగి తిరిగి చూస్తారు. బెనెల్లీ 1911లో ఇటలీలో పుట్టిన కంపెనీ. 2005లో దానిని చైనాకు చెందిన చియాన్‌జియాంగ్ కంపెనీ కొన్నది. 2018లో హైదరాబాద్‌కు చెందిన మహావీర్ గ్రూపుతో ఒప్పందం అయి, హైదరాబాద్ దగ్గరే బండ్లు బిగించే ఏర్పాటు జరిగింది. పేరు ఇటలీది, యజమాని చైనా, బిగించేది తెలంగాణ! దానిని చూసి ఎవరూ "చైనా మాల్" అనరు. కనుక మనం చాలాసార్లు బండిని కాదు, పేరును చూస్తున్నాము.

బ్యాటరీ సంగతి కూడా అంతే. ప్రపంచంలో తయారయ్యే లిథియం అయాన్ సెల్స్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు చైనాలోనే తయారవుతున్నాయి. మంచి పేరున్న స్కూటర్లలోనూ అవి ఉండవచ్చు, పేరులేని స్కూటర్లలోనూ ఉండవచ్చు.

అయితే నాణ్యత చూడకపోతే నష్టం డబ్బుతో ఆగదు. 2022లో మన దేశంలో చాలా చోట్ల విద్యుత్ స్కూటర్లు కాలిపోయాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిని కమ్మి 8 మంది చనిపోయారు. బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 అనే ప్రమాణాన్ని ప్రభుత్వం కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేసింది.

కొనేముందు చూడవలసినవి

1. బండి మీద, మోటారు మీద, బ్యాటరీ మీద తయారు చేసినవారి పేరు, నంబరు, నెల, సంవత్సరం ఉండాలి. లేకపోతే కొనవద్దు.

2. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని బండికి మాత్రమే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దానికి కూడా పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. చూపించమని అడగండి. పుణెలోని ఏఆర్‌ఏఐ అట్లాంటి సంస్థ.

3. పార్టులు దొరుకుతాయా అని అమ్మేవాణ్ణి కాదు, మెకానిక్‌ను అడగండి.

4. పక్కా బిల్లు, బ్యాటరీ వారంటీ కాగితం తీసుకోండి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు. వస్తువుకు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మా అన్న దగ్గర చీటీ తప్ప ఏమీ లేదు, దుకాణం ఆయన పూర్తి పేరు కూడా తెలియదు. అందుకే ఊరుకోవలసి వచ్చింది.

5. బండితో ఇచ్చిన చార్జర్‌నే వాడాలి. నడిపి వచ్చాక బ్యాటరీ చల్లారనివ్వాలి. పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా రాత్రంతా చార్జింగు పెట్టరాదు. మన తండాల్లో ఇల్లంతా ఒకటే గది, తలుపు ఒకటే ఉంటుంది. అంటుకుంటే బయటికి దారి ఉండదు. కనుక ఇది అన్నిటికన్నా ముఖ్యం.

ముగింపు

మా అన్న ఇప్పుడు సైకిల్ మీద మిల్లుకు పోతున్నాడు. అడ్వాన్సు ఇంకా తీరలేదు. "చైనాది కొని మోసపోయిన" అని ఇప్పటికీ అంటాడు. "చైనాది కొని కాదన్నా, అడగకుండ కొని" అని నేను అంటాను. మొదట కోపం చేశాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "ఇంకో బండి చూస్తున్న, ఏమేం అడగాల్నో రాసి పంపు" అన్నాడు. పైన రాసిన అయిదూ అన్నకు రాసి పంపినవే.

మిత్రులారా, సంతకు పోయినప్పుడు మనల్ని చూసి కొందరు "తండావోళ్లకు ఏం తెలుస్తది" అంటారు. అప్పుడు మనకు ఎట్ల ఉంటుందో అందరికీ తెలుసు. ఊరు పేరు చూసి మనిషిని లెక్కగట్టడం తప్పయితే, దేశం పేరు చూసి వస్తువును లెక్కగట్టడం కూడా తెలివి కాదు. విప్పి చూడాలి, అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్నలు

1. ధర మీద మాత్రమే పోటీ ఉంటే నాణ్యత ఎందుకు పడిపోతుంది?
2. వియత్నాంలో హోండా చైనా పార్టులు వాడినా జనం ఎందుకు నమ్మారు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు మీద తయారీదారు పేరు, నెల, సంవత్సరం ఉన్నాయేమో ఈసారి సెలవుల్లో చూసి రండి.

జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.